రెండో సీసా

నల్ల అట్ట ముందు, దీపం వెలుగులో ఇంజెక్షన్ సీసాను తలకిందులు చేసి, మెల్లగా తిప్పి ఆపాను. మందులో ఏదో తళుక్కుమని కిందికి దిగింది. సీసాను ఎర్ర ట్రేలో పెట్టాను. అంటే ఆ బ్యాచ్ మొత్తం ఆగినట్టే.

గేటు దగ్గర లారీ కాచుకుని ఉంది. ల్యాబ్ హెడ్ పరుగున వచ్చింది. ఆవిడ మా పిన్నే. నేను ఉద్యోగంలో చేరిన రోజే, "ఇక్కడ పిన్నీ గిన్నీ అనకు, మేడమ్ అను" అని గీత గీసింది. ఇప్పుడు ఆ గీత తనే దాటి నా భుజం మీద చెయ్యేసింది.

"కంగారు పడకే. అది నేను కలిపిన సీసానే. మీ చూపు ఎలా ఉందో చూడ్డానికి అప్పుడప్పుడూ నలక ఉన్న సీసా ఒకటి కలుపుతాం కదా. నెగ్గావు. ఇక సంతకం పెట్టు తల్లీ, లారీ కదలాలి."

ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చేదు మందును వీపు వెనక దాచి, చక్కెర చూపించే నవ్వు.

"ఒక్కటే కలిపావా పిన్నీ?"

"ఒక్కటే. నీ మీద ఒట్టు."

పెన్నుకు మూత పెట్టాను. దీపం వెనక నుంచి ఇంకో సీసా తీసి ఆవిడ చేతిలో ఉంచాను. లోపల నల్ల దారపు పోగు. అడుగున ఆవిడ గుర్తుగా పెట్టుకున్న పచ్చ చుక్క.

"మీరు కలిపింది ఇందాకే దొరికింది. ట్రేలో ఉన్నది గాజు పెంకు. ఎవరి నరంలోకో పోతుంది. లారీని వెనక్కి పంపండి, మేడమ్."