రాజమాత గది

పనివాళ్ళు మామా అని పిలిచే ముసలి యజమానురాలు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. తల కాస్త పక్కకు వంచింది.

"లేవండి. సమాధి చూసొద్దాం. యల్లా, పదండి!" అంది.

తిరుపాలమ్మ నెత్తి కొట్టుకుంది. ముసలావిడకు కళ్ళు కనపడవు కాబట్టి సరిపోయింది.

పళ్ళెంలో అన్నం పళ్ళెంలోనే ఉంది, మళ్ళీ సమాధి! ఇరాక్ సైన్యం వచ్చిపడి కువైట్ మొత్తం గడగడలాడుతుంటే, ఫహాహీల్‌లోని ఈ ఇంట్లో మాత్రం రోజూ విహారయాత్రే.

పాపం, మామాను అని లాభం లేదు. ఆమెకు యుద్ధం సంగతే తెలియదు. చూపు పోయి చాలా ఏళ్ళయింది. గుండె కూడా అంతంతమాత్రం. గట్టి దెబ్బలాంటి వార్త వింటే అది ఆగిపోతుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. కొడుకూ కోడలూ వేసవికి లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది మామా, పనిపిల్ల తిరుపాలమ్మ, వంటవాడు ఇద్రీస్.

పనివాళ్ళిద్దరూ కూడబలుక్కుని అబద్ధాలు మొదలుపెట్టారు. ఫిరంగి పేలితే, ఎవరో కొత్త మేడకు పునాదులు తవ్వుతున్నారన్నారు. ఫోను పలక్కపోతే తీగ తెగిందన్నారు. రేడియోలో బ్యాటరీలు అయిపోయాయన్నారు. మామా అన్నిటికీ "అలాగా" అని తలాడించేది. ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నందుకు తిరుపాలమ్మకు ఏడుపొచ్చేది.

ఇక ఈ సమాధుల పిచ్చి. ఇద్రీస్ సూడాన్ నుంచి వచ్చిన నూబియన్. వాళ్ళ ఊరి పక్కనే పాతకాలపు నూబియా రాజుల సమాధులున్నాయి. వయసులో ఉన్నప్పుడు, చూడవచ్చినవాళ్ళకు లాంతరు పట్టి వాటిని చూపించేవాడట. మామాకు చూపున్న రోజుల్లో వెళ్ళి చూడాలని కోరిక. తీరలేదు. సరిగ్గా ఈ గడ్డు రోజుల్లోనే ఆ కోరిక లేచి కూర్చుంది.

ఇంటి కింద నేలమాళిగ ఉంది. హాల్లో తెర వెనక తలుపు తీస్తే మెట్లు. అదే వాళ్ళ సమాధి.

"తల వంచండి మామా. కొండరాయి తొలిచిన దారి ఇది," అంటూ ఇద్రీస్ ముందు దిగేవాడు. "ఇదిగో మొదటి గది. పైకప్పంతా నీలం, దాని మీద పసుపు చుక్కలు. ఎడమ గోడ మీద రాజు. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, మెడలో పొట్టేలు తలల హారం. దేవుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు."

"రాజు కండ్లు ఇంతింత పెద్దవి మామా," అని తిరుపాలమ్మ తన వంతు కలిపేది. కడప పల్లెలో ఆమె చూసిన రాజులంతా తోలుబొమ్మలాటలోని వాళ్ళే మరి.

చివరిది రాజమాత గది. అక్కడికెళ్ళాక లాంతరు ఆర్పెయ్యాలి, గుసగుస కూడా వినపడకూడదు. అది మామా పెట్టిన నియమం.

"మా ఊళ్ళో అలాంటిదేం లేదే," అని ఇద్రీస్ గొణిగేవాడు. అయినా ముగ్గురూ ఆ చీకట్లో, మామా చాలనేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు.

ఒకసారి పైకొచ్చేసరికి గేటు విరిగి ఉంది. కారు లేదు. సైనికులు పట్టుకుపోయారు.

"మన అదృష్టం, కింద ఉన్నాం," అని ఇద్రీస్ తిరుపాలమ్మ చెవిలో అన్నాడు. మామాకు మాత్రం కారు షువైఖ్‌లో రిపేరుకిచ్చామని చెప్పారు.

"అలాగా," అంది మామా.

కానీ ఇవాళ తిరుపాలమ్మకు ఈ ఆట ఆడే ఓపిక లేదు. నిన్న పక్కవీధిలో ఇల్లిల్లూ సోదా చేశారు. అక్కడ పనిచేసే భాగ్యను జుట్టు పట్టి ఈడ్చి జీపెక్కించుకుపోయారు. మళ్ళీ ఆ పిల్ల జాడ లేదు. రేపు మనవాళ్ళు కొందరు బస్సు మాట్లాడుకుని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్ళిపోతున్నారు. తిరుపాలమ్మకూ ఒక సీటు ఆపారు. ఎక్కకపోతే తనకూ భాగ్య గతే. ఎక్కితే ఈ గుడ్డి ముసలమ్మ గతేంటి?

"పోతాండానని ఎట్ల జెప్పల్ల చాచా? జెప్తే ఆయమ్మ ఈడ్నే పానం ఇడుస్తాది," అని పొద్దుటి నుంచీ ఇద్రీస్ దగ్గర ఒకటే ఏడుపు.

ఇప్పుడు ఆ ఏడుపంతా కోపమై తన్నుకొచ్చింది.

"ఎప్పుడూ సమాధులేనా మామా? బతికుండేవాళ్ళ సంగతి నీకు పట్టదా?"

అరిచాక తనే భయపడింది. మామా కోప్పడలేదు. చెయ్యి చాచి, తడుముకుని, ఆ పిల్ల చెంప నిమిరింది.

"ఇవాళ మీరిద్దరూ ముందు దిగండి. రాజమాత గదిలో చాప పరవండి. నేను నమాజు చేసుకుని వస్తాను. పిలిచేదాకా కదలొద్దు."

"ఒక్కదానివే మెట్లెట్లా దిగుతావు?"

"ఇన్నిసార్లు చూసిన సమాధి. దారి తెలియదా నాకు?"

ఇద్దరూ దిగారు. పైన తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. ఆ తర్వాత బరువైన కుర్చీని ఈడ్చుకొచ్చి తలుపుకు ఆనించిన చప్పుడు.

"గొళ్ళెం ఎందుకు వేసింది?" అన్నాడు ఇద్రీస్.

అంతలో వీధి తలుపు బద్దలైంది. హాలంతా బూట్ల చప్పుడు.

తిరుపాలమ్మ దిగ్గున లేచింది. పైన మామా ఒక్కతే. ఆ సైనికులు ఎవరో తెలిసిన మరుక్షణం ఆ గుండె ఆగిపోతుంది. దిక్కులేనిదానిలా ఆ మూర్ఖుల మధ్య నేలకూలుతుంది. ఇక తన సంగతి తనకు గుర్తు రాలేదు. ఇద్రీస్ చెయ్యి విదిలించుకుని మెట్లెక్కింది. పట్టుకుపోతే పట్టుకుపోనీ. తలుపు బాదడానికి పిడికిలి ఎత్తింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?" అవతల సైనికుడు గద్దించాడు.

తలుపుకు ఆనుకునే మామా గొంతు, ఎప్పటిలాగే తాపీగా వినిపించింది: "ఎవరూ లేరు నాయనా, నా దగ్గరుండే పిల్ల మీ ట్యాంకులు ఊళ్ళోకొచ్చిన రోజే పారిపోయింది."