ఎవరూ నమ్మని కబురు

నా కొడుకు వ్యాను పొగమంచులో మలుపు దగ్గర చెడి ఆగిపోతే, వెనకనించి లారీ వచ్చి గుద్దింది. వాడు పోయాడు.

"ఆ లారీ ఎందుకు ఆగలేదు నాయనా?" అని రోడ్ల ఆఫీసు ఇంజినీరును అడిగాను.

"ఇప్పుడు బండ్లు ఒకదానికొకటి కబురు పెట్టుకుంటాయమ్మా. ముందుది ఆగితే వెనకదానికి చెబుతుంది."

"మరి మావాడి బండి చెప్పలేదా?"

"పదకొండుసార్లు చెప్పింది. లారీ నమ్మలేదు." అతను తల దించుకున్నాడు. "నెల్లాళ్లుగా మీవాడు 'ముందు యాక్సిడెంటయింది, పక్కకు పొండి' అని మిగతా బండ్లకు తప్పుడు కబుర్లు పంపి, దారి ఖాళీ చేయించుకున్నాడమ్మా. మేం కనిపెట్టి, ఆ బండి మాట నమ్మొద్దని అన్నిటికీ చెప్పేశాం."

"వాడికి అబద్ధం చేతకాదు నాయనా. చెవులెర్రబడి ఇట్టే దొరికిపోతాడు."

"దొరికిపోయాడమ్మా. ఎందుకు చేశాడో మాత్రం మాకు తెలీదు."

నాకు తెలిసిపోయింది. వారానికి మూడుసార్లు నన్ను డయాలిసిస్‌కి తీసుకెళ్లేవాడు. ఆలస్యమైతే నా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. "ఈమధ్య దారి భలే ఖాళీగా ఉంటోందిరా, మన అదృష్టం" అనేదాన్ని వెనక సీట్లోంచి. వాడు అవునమ్మా అనేవాడు.

నిన్న నా వంతు. నేను వెళ్లలేదు.