ఏడో అధ్యాయంలో మునిగిన భార్య

అన్యాయం ఎవరికి జరిగింది? భార్యకు. ఎలా జరిగింది? నావికుడైన ఆమె భర్త తన సముద్రయానం గురించి రాసిన పుస్తకంలో, ఏడో అధ్యాయం చివర, ఆమెను తుఫానులో ముంచి చంపేశాడు. ఆ పుటలు చదివి దేశమంతా కంటతడి పెట్టింది. నిక్షేపంగా బతికున్న ఆమె మాత్రం, ఇంటికి ఎవరొచ్చినా వంటమనిషిగా చలామణి కావలసి వచ్చింది.

ఇప్పుడు రెండో యాత్రకు తెరచాప పడవ సిద్ధమైంది.

"విలేకరులు వచ్చేస్తున్నారు. త్వరగా కింద గదిలోకి దిగు," అన్నాడు భర్త.

"దిగుతాను. వాళ్ళు వెళ్ళాక చుక్కాని ఎవరు పడతారు?"

"నువ్వే. ఎప్పుడూ నువ్వేగా."

"అయితే ఈసారి పుస్తకంలోనైనా నన్ను బతికించండి. ఒక్క వాక్యం చాలు. నలుగురిలో నా పేరుతో నేను తిరగాలి."

"నిన్ను లేపితే నన్ను పాతేస్తారు. జనం పుస్తకం కొన్నది నా ఈత చూసి కాదే పిచ్చిదానా, నీ చావు చూసి."

"మీ ఈత చూస్తే ఎవరు కొంటారు లెండి," అంటూ ఆమె మెట్లు దిగింది.

పైన అడుగుల చప్పుడైంది. ఎవరో ఆడపిల్ల అడుగుతోంది: "మీ ఆవిడ గుర్తొస్తున్నారా సార్?"

"గుర్తు రావడమేమిటమ్మా? ఈ పడవలో నాతోనే ఉంది," అన్నాడతను గొంతు బొంగురు చేసుకుని.

పుస్తకం మొత్తంలో లేని నిజం ఒక్కటి ఆయన నోటి వెంట వచ్చిందని ఆమె చీకట్లో అనుకుంది.

పడవ కదిలింది. విలేకరులు మరో పడవలో చాలా దూరం వెంట వచ్చారు. కెమెరాల కోసం అతను అంచు మీదకెక్కి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. గాలి మళ్ళింది. తెరచాప దూలం గిర్రున తిరిగి వీపు మీద కొట్టింది.

ఆమె పైకి పరుగెత్తుకొచ్చేసరికి అతను నీళ్ళలో ఉన్నాడు. తడిసి బరువెక్కిన కోటు కిందికి లాగేస్తోంది. ఆమె తాడు అందుకుని విసరబోయింది.

"వద్దు," అన్నాడు నీళ్ళు కక్కుతూ. "వాళ్ళ పడవ వస్తోంది, వాళ్ళే ఎక్కించుకుంటారు. నువ్వు కనబడ్డావంటే కొంప మునుగుతుంది. లోపలికి పో."

ఆమె తలెత్తి చూసింది. అలల మధ్య ఉన్నవాడికి ఆ పడవ తెల్లగా కనిపిస్తుందే గాని, ఎటు పోతోందో తెలియదు. ఎత్తున నిలబడ్డ ఆమెకు తెలిసింది. విలేకరులు కెమెరాలు సర్దేసుకుని, ఇటు వీపులు పెట్టి, రేవుకు మళ్ళిపోతున్నారు.

"మీ మాట ఎన్నడు కాదన్నానండీ," అని ఆమె తాడును తీరిగ్గా చుట్టి కొక్కేనికి తగిలించి, గదిలోకి దిగి తలుపు వేసుకుంది.