తీగ కింద లారీ

సామాన్ల లారీ వీధి చివర ఠక్కున ఆగింది. పైన కట్టిన బీరువాకీ కరెంటు తీగకీ మధ్య జానెడు ఎడం కూడా లేదు.

"మీ తీగ జారింది," అన్నాడు రోడ్ల ఇంజనీరు.

"తీగ ఎక్కడిదక్కడే ఉంది. రోడ్డు మీద రోడ్డేసి మీవాళ్ళే నేలను పైకి లేపారు," అంది అతని భార్య. ఆమె కరెంటు ఇంజనీరు.

"రాతపూర్వకంగా తెలియజేస్తే పరిశీలిస్తాం."

"ముందు మీ శాఖ రాయాలి."

డ్రైవరు తల పట్టుకున్నాడు. "ఒకే ఇంట్లో ఉంటారు కదండీ, అక్కడే మాట్లాడుకోవచ్చుగా?"

"ఇంట్లో మాకు మాటల్లేవు," అన్నారిద్దరూ ఒక్కసారే.

భర్తకు పౌరుషం పొడుచుకొచ్చింది. తీగను తనే ఎత్తేస్తానని ఇనుప గడ పట్టుకుని లారీ ఎక్కబోయాడు.

"చస్తారు! దిగండి!"

ఆ అరుపుకి గడ కింద పడింది. ఆమె పరుగున వచ్చి దాన్ని కాలితో దూరంగా తోసేసింది.

"నన్నొదిలేసి పుట్టింటికి పోయేదానివి, నేనేమైపోతే నీకేం?" అన్నాడు మెల్లగా.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "లారీ వెనక్కి తిప్పు, సామాను దించేద్దాం. తీగ ఎత్తడానికి మా ఆఫీసులో ఎన్నాళ్ళు పడుతుందో ఏమో!"

నిజానికి ఆ అధికారం ఆమెదే. ఒక్క ఫోను చేస్తే చాలు. ఆ సంగతి బాగా తెలిసిన భర్త, లారీ గుమ్మం ముందు ఆగిందో లేదో, బీరువా తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.