సబ్బుపెట్టెలో స్పాంజి

“మళ్ళీ వచ్చారా టీచరుగారూ? ఈసారి ఏ పొయ్యి పక్కన పెట్టారు?”

గిటార్ల డాక్టరు తలైనా ఎత్తలేదు. తీగలు జిర్రుమంటున్నాయని ఈవిడ ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ గిటారు మెడలోని కడ్డీ సరిచేసి, వచ్చి తీసుకెళ్ళేదాకా పది రోజులు గోడకి తగిలించాడు.

“చెక్క ఎండితే కుంగుతుందండీ. కుంగితే తీగ మెడమీది లోహపు మెట్లకి తగిలి జిర్రుమంటుంది. మీలాంటివాళ్ళకి గిటారెందుకో నాకర్థం కాదు.”

టీచరు గిటారు పెట్టె తెరిచింది. గిటారు పక్కన చిల్లులు పొడిచిన సబ్బుపెట్టె, అందులో తడి స్పాంజి. ఆరు తీగలూ మీటింది. ఎక్కడా జిర్రుమనలేదు.

“బాగానే ఉందిగా! మరెందుకొచ్చినట్టు?”

“మొదట కొత్త తీగలు వేయించడానికి తెచ్చినప్పుడు దీనికి ఏ రోగమూ లేదండీ. మీ ఏసీ పొడిగాలి కింద పది రోజులు వేలాడాకే మొదలైంది. ఇంట్లో ఈ స్పాంజితో వారం మూసిపెడితే సర్దుకుంది.” చేతిసంచిలోంచి ఇంకో సబ్బుపెట్టె తీసి బల్లమీద పెట్టింది. “ఇది మీకు.”

ఆవిడ వెళ్ళగానే డాక్టరు పెదవి విరిచాడు. “నాకే పాఠాలు!”

ఎవరినీ ముట్టుకోనివ్వని తన సొంత గిటారు ఏసీ కిందే ఉంది. దాన్ని దించాడు. ముడుచుకుపోయిన చెక్క అంచున మెట్ల కొనలు అరచేతికి రంపంలా తగిలాయి. మీటితే జిర్రుమంది. రెండేళ్ళుగా ఆ జిర్రుకి అతను తిడుతున్నది తీగల కంపెనీని.

వీధిలోకి తొంగిచూశాడు. టీచరు మలుపు తిరిగేదాకా ఆగి, స్పాంజి తడపడానికి లేచాడు.