రెబెకా కోసం ఉపవాసం

"చెయ్యి లేపు," అన్నాడు సిరాజ్ సార్.

రెబెకా లేపింది. భుజంలో కత్తి దిగినట్టయింది. పంటి బిగువున నొప్పి ఆపుకుని నవ్వింది.

"నొప్పేమన్న ఉన్నదా?"

"లేదు సార్."

అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల, భయానికి అదీ నేర్చుకుంది. కోచ్ నమ్మి వెళ్లిపోయాడు. నిజామాబాద్‌లో సాఫ్ట్‌బాల్ ఫైనల్ అది. ఎడపల్లి జట్టుకు బంతి విసిరే పిచ్చర్ ఆమే. రాష్ట్ర జట్టుకు ఆటగాళ్లను ఎంచే పెద్దలు షామియానా కింద కూర్చున్నారు. వాళ్ల కంట్లో పడితే చాలు, తల్లితోపాటు చెరుకు నరికే బతుకు తప్పినట్టే.

డాక్టర్ మాట మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు. "ఇంకొక్క మ్యాచ్ మొత్తం ఆడినవంటే భుజం పోతది. నీ జడ నువ్వు అల్లుకోలేవు."

ఆ మాట తల్లి శారమ్మ కూడా విన్నది. ఆడొద్దంటుందేమోనని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారి పొడుగునా రెబెకా వణికిపోయింది. శారమ్మ వద్దనలేదు.

"నేనేం జెప్ప బిడ్డా. ప్రభువునే అడుగుత. ఆయన నా మాట ఇనేదాక మెతుకు ముట్ట," అని ఉపవాస ప్రార్థన పట్టింది. రెబెకాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

ఆట మొదలైంది. చెయ్యి గిర్రున తిప్పి విసిరేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. బంతి ఎటో పోయింది. గీత అవతల శారమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది.

'ఇంకా గట్టిగ అడుగవ్వా' అని తల్లిని మనసులోనే బతిమాలింది రెబెకా.

తర్వాతి బంతీ పక్కకే. ఆ తర్వాతిది బంతి అందుకునే క్యాచర్ మదీహా తల మీదుగా పోయింది. మదీహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? గజగజ వణుకుతున్నవ్!"

"భయమైతుంది మదీహా. సార్‌కు చెప్పకు, నీకు దండం పెడత."

బంతులన్నీ పక్కకే పోతుండడంతో, ఆట నియమం ప్రకారం ఎదుటి జట్టు ముప్కాల్ అమ్మాయిలు బ్యాటు ఊపకుండానే ఒకరి వెనక ఒకరు ఊరికే దక్కిన బేస్‌కు నడిచిపోతున్నారు. సిరాజ్ సార్ ఇక ఓపిక పట్టలేకపోయాడు.

"రెబెకా, బయటకి రా. సుమలతా, నువ్వు పో."

"ఒక్క బాల్ సార్, ఒక్కటే!"

"నడువ్ బిడ్డా, మ్యాచ్ పోతది."

షామియానా కింది పెద్దలు ఆమె వైపు చూడనైనా లేదు. రెబెకా తల్లి పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంకెందుకవ్వా ఉపవాసం? తిను. దేవుడు నీ మాట ఇనలే."

శారమ్మ బిడ్డ భుజం నిమిరింది. బిడ్డకని తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇన్నడు బిడ్డా."