మూడో కొర్రీ

"మీ ఎండీ సార్ సంతకం వంకరున్నది మేడం. ఇది నడ్వదు," అంటూ గుమస్తా పెంటయ్య ఫైలు వెనక్కి నెట్టాడు.

మంజూషకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె పనిచేసేది ప్రభుత్వ ఆఫీసులకు కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే కంపెనీలో. ఎర్రమంజిల్‌లోని ఈ ఆఫీసుతో కాంట్రాక్టు గడువు ఇవాళ్టితో సరి. సాయంత్రం ఐదులోగా పొడిగింపు కాగితం మీద ఇక్కడి ఆఫీసరు సంతకం పడకపోతే కంపెనీ ఇక్కడికి పంపిన అరవై మంది రేపట్నుంచి ఇంట్లోనే. నెల క్రితమే ఉద్యోగంలో చేరిన మంజూష కూడా.

"మొన్న సీలు మసగ్గా ఉందన్నారు. కొత్త సీలు చేయించాను. నిన్న ప్రతి పేజీకీ నంబరు వేయమన్నారు. వేశాను. ఇప్పుడు సంతకం వంకరేంటండీ?"

"సార్‌తోని మళ్ల పెట్టించుకొని రాండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, ఐదింటిదాక ఈడనే ఉంట."

ఆమె పరుగున మెట్లు దిగి షేర్ ఆటో ఎక్కింది. పంజాగుట్ట దగ్గర బండ్లు కదల్లేదు. దిగిపోయి, ఎండలో అమీర్‌పేటలోని తమ కంపెనీ దాకా నడిచింది. ఎండీ కామరాజు భోజనం చేస్తున్నాడు.

"నా సంతకం ముప్పై ఏళ్లుగా వంకరేనమ్మా! ఏ బ్యాంకూ కాదన్లేదు," అని విసుక్కుంటూనే చేయి కడుక్కుని, కళ్లజోడు సర్దుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా అక్షరం అక్షరం తిన్నగా పెట్టాడు.

మంజూష తిరిగొచ్చేసరికి నాలుగున్నర. పెంటయ్య ప్రతి పేజీ తిప్పి చూశాడు. సంతకాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

"గిట్లుండాలె!" అని, తలుపు తెరిచే ఉన్న ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో సంతకంతో బయటికొచ్చాడు.

మంజూషకు ప్రాణం లేచొచ్చింది. వెనకే కోపమూ వచ్చింది.

"మీ సార్ ఒక్క పేజీ కూడా తిప్పి చూళ్లేదు కదండీ! రెండు నిమిషాల పనికి మూడు రోజులు తిప్పారు. మీకేం, పర్మనెంటు ఉద్యోగం. మాలాంటి వాళ్ల భయం మీకెలా తెలుస్తుంది?"

పెంటయ్య అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించాడు.

"నేను సుత మీ కంపెనీ మనిషినే మేడం. మూడు దినాలు చూసిండ్రు గద... పెంటయ్య ఖాళీగ కూసుంటలేడని జర మీ ఎండీ సార్‌కు చెప్పుండ్రి!"